పై వరసలో కామా

కోట్లాస్ ఊళ్లో కలప మిల్లు టైపు గది మూతపడేదాకా తైసియా రొదియోనొవ్నా ముప్ఫై నాలుగేళ్లు అక్కడే కూర్చుంది. మీటల వంక చూసేది కాదు. చూసేవాళ్లంటే ఆమెకు చిన్నచూపు. చెంచా పట్టుకుని నోరెక్కడుందో వెతుక్కునే రకమని నవ్వేది.

అరవై దాటాక, నోటరీ అర్కాదీ ల్వోవిచ్ ఆఫీసులో టైపిస్టు కావాలని తెలిసి వెళ్లింది. ఆయన మర్యాదస్థుడే.

"కంప్యూటర్ వేరమ్మా. కింద వచ్చినవాళ్ల చలికోట్లు తీసుకుని దాచే కౌంటర్ ఖాళీగా ఉంది, వెచ్చగా ఉంటుంది. ఆలోచించండి," అన్నాడు.

తైసియాకి ఒళ్లు మండింది. శీతాకాలమంతా ఊరి జనం తడి కోట్లు మొయ్యడానికా ఈ వేళ్లు?

"ఒక్క కాగితం కొట్టనివ్వండి. బాగోకపోతే రేపే ఆ కౌంటర్లో నిలబడతాను."

గుమస్తా స్నెజానా పాత వీలునామా ఒకటి చదువుతుంటే, తైసియా కిటికీలోంచి నది వైపు చూస్తూ టకటకా కొట్టేసింది. అచ్చు తీసి చూస్తే అక్షరాలన్నీ చక్కగానే ఉన్నాయి. కామా ఉండాల్సిన ప్రతిచోటా ఆరు, ఫుల్‌స్టాప్ ఉండాల్సిన ప్రతిచోటా ఏడు. తేదీలున్న చోట ఏవో గుర్తులు.

"ఇది వీలునామానా బామ్మగారూ, లాటరీ టిక్కెట్టా?" అంది స్నెజానా.

అర్కాదీ ల్వోవిచ్ కౌంటర్ తాళం కోసం సొరుగు లాగాడు. తైసియా కుర్చీ వదల్లేదు.

"నా వేళ్లు తప్పు చెయ్యలేదు. మా మిషన్ మీద కామా, ఫుల్‌స్టాప్ పై వరసలో ఉంటాయి. అంకె కావాలంటేనే షిఫ్ట్ నొక్కాలి. ఈ పెట్టెలో తారుమారు చేశారు. చేసినవాళ్లు మమ్మల్ని బొత్తిగా మర్చిపోయి ఉండరు. వెతుకమ్మాయ్."

స్నెజానా నవ్వుతూనే కంప్యూటర్లో మీటల అమరికల జాబితా తెరిచింది. 'రష్యన్' అని ఉంది. దాని కిందే 'రష్యన్, టైపు మిషన్' అని ఉంది. పిల్ల నవ్వడం మానేసి దాని మీద నొక్కింది.

ఆ ఒక్క పంక్తి చూడగానే తైసియా కళ్లు చెమర్చాయి. ముఖం తెలియనివాళ్లెవరో, ఇలాంటి వేళ్లు ఇంకా లోకంలో ఉన్నాయని తలుచుకున్నారు. ముక్కు చీదినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఊ, మొదట్నించీ చదువు," అంది.

ఈసారి స్నెజానా చదవడమే వెనకబడింది. అర్కాదీ ల్వోవిచ్ కళ్లజోడు పెట్టుకుని కామా కామాకీ వేలు పెట్టి చూశాడు. ఒక్క తప్పు దొరకలేదు. తాళం మళ్లీ సొరుగులో పడేసి, "సోమవారం నుంచి ఈ బల్ల మీది," అన్నాడు.

ఆయన లోపలికి వెళ్లగానే స్నెజానా అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో ఫోన్ నంబరు కొట్టింది. తెర మీద కామాలూ గీతలూ పడ్డాయి.

"నా అంకెలేవి?"

తైసియా తీరిగ్గా కోటు గుండీలు పెట్టుకుంది.

"షిఫ్ట్ నొక్కమ్మా. రాకపోతే కింద కౌంటర్ ఖాళీగానే ఉంది, వెచ్చగా ఉంటుంది."