వకీలమ్మ చేతికి గాజులు తొడుగుతూ చెప్పిన సంగతి

వకీలు సావిత్రమ్మ గారు ఇక లేరని పోయిన వారం పొద్దున్నే లచ్చవ్వ ఫోన్ చేసి చెప్పింది. నా చేతిలో గాజుల డబ్బా ఉంది, కింద పెట్టాలని కూడా తోచలేదు. నిద్రలోనే పోయారట, బాధ పడలేదట. అది విన్నాక కొంచెం ఊపిరి ఆడింది. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే మన్నించండి.

మెదక్ వారం అంగట్లో మా అమ్మ కూర్చున్న చోటే నేనూ గాజులు అమ్ముతాను. పక్కనే లచ్చవ్వ కూరగాయల గంప. అంగడిని కొత్తగా గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు ఒకరోజు నా గోనెసంచి లాగి అవతల పడేశాడు. "మీ తురకోళ్లు గీ వరుసల కూసోవద్దు. గోడెనుకకు పోండ్రి" అన్నాడు. గోడ వెనక్కి ఎవరూ రారు. నా ఇల్లు గడిచేది ఆ చోటు మీదే.

లచ్చవ్వే నన్ను సావిత్రమ్మ గారి దగ్గరికి తీసుకుపోయింది. నల్లకోటు చూడగానే నాకు భయమేసింది. ఏది అడిగినా తెలియదనే అన్నాను.

"డబ్బా తెచ్చినవా? అయితే గాజులెయ్యి" అని ఆమె ఎడమ చెయ్యి చాపారు. కుడి చేతిలో పెన్ను అట్లాగే ఉంది.

గట్టి చెయ్యి. మెల్లగా నొక్కుతూ ఒక్కో గాజూ ఎక్కిస్తుంటే నాకు మాట దానంతట అదే వచ్చింది. కాంట్రాక్టరు ఏమన్నాడో, ఎవరు విన్నారో అంతా చెప్పేశాను. ఆమె రాసుకుంటూ పోయారు. రెండు గాజులు పగిలాయి. "గివి కూడ కాంట్రాక్టరు ఖాతాల రాద్దామా?" అని నవ్వారు.

తర్వాత చెప్పారు: "అంగడి జాగ సర్కారుది. గుత్త పట్టినంత మాత్రాన మతం చూసి లేపుతా అంటే రాజ్యాంగం ఒప్పుకోదు. ఆడోళ్లకు ఫీజు లేకుంట వకీలును సర్కారే ఇస్తది. ముందు నోటీసు ఇద్దాం. వినకుంటే హైకోర్టుకు పోదాం. నువ్వు మాత్రం గోడెనుకకు పోకు. పోతే నీ ఇష్టంతోనే పోయినవంటరు."

నేను కదల్లేదు. లచ్చవ్వ గంప జరిపి నా డబ్బాను తన గోనె మీద పెట్టించుకుంది. "నా చెవులతోని విన్న" అని కాగితం మీద వేలిముద్ర కూడా వేసింది. నోటీసుకు కాంట్రాక్టరు లొంగలేదు. హైకోర్టు మాత్రం నా చోటు నాకు ఇప్పించింది.

"గెలిచినం గాని, ఆయన నా మొకం కూడ సూస్తలేడు మేడమ్" అన్నాను ఒకసారి.

"సూడకుంటే పాయె. నిన్ను ఇష్టపడుమని కోర్టు చెప్పలే. అందరితోని ఎట్లుంటడో నీతోని గట్లనే ఉండాలె. గంతే" అన్నారు సావిత్రమ్మ గారు.

ఆమె పోయాక వచ్చిన అంగడికి భయపడుతూనే వెళ్లాను. అడిగే మనిషి లేదని మళ్లీ లేపుతాడేమో అనుకున్నాను. కాంట్రాక్టరు రానే వచ్చాడు. నన్నూ లచ్చవ్వనూ చూసి, "ఇద్దరు జర ఎనుకకు జరుగుండ్రి. బండ్లు పోవద్దా? ఎన్నిసార్లు చెప్పాలె మీకు" అని కసిరి ముందుకు పోయాడు.

లచ్చవ్వ గొణుక్కుంటూ గంప జరుపుకుంది. నేనూ డబ్బా జరుపుకున్నాను.

అట్లాంటి వకీలు మా మెదక్‌కు మళ్లీ దొరకదు. సావిత్రమ్మ గారూ, కాంట్రాక్టరు మా ఇద్దరినీ ఒకే మాట అన్నాడు. మీరు నిశ్చింతగా ఉండండి.