మగ్గం గుంత దాకా వచ్చిన సైకిలు

ప్రొద్దుటూరులో నేను నేత పని ముగించి, కాళ్ళు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంతలోంచి లేచేసరికి రోజూ గ్రంథాలయం మూసేసేవారు. బడి మొహం చూడకుండా, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న నాకు పుస్తకం దొరకడమే గగనంగా ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, దొంగల దగ్గర దొరికి, సొంతదారు రాక ఠాణాలో పడివున్న ఒక సైకిలును పోలీసులు కోర్టు అనుమతితో గ్రంథాలయానికి ఇచ్చారు. గ్రంథాలయం ఆయన దాని వెనక పుస్తకాల పెట్టె కట్టుకుని మా వీధికి వచ్చాడు.

“ఏందప్పా, దొంగ సైకిలెక్కి తిరుగుతాండావు?” అన్నాడు పక్క మగ్గం పెద్దాయన.

“ఠాణాలో తుప్పు పట్టేదానికంటే మీ వీధిలో తిరిగేది మేలు గదా మామా!” అని ఆయన నవ్వాడు.

నేను గుంతలోంచే చెయ్యి చాపాను. అప్పటినుంచీ వారంవారం ఒక పుస్తకం చేతికొచ్చింది. నా చదువంతా అదే. ఆ ఠాణా వాళ్ళను నా ముందు ఎవరైనా తిడితే ఈ వయసులోనూ కర్ర తీస్తాను.