టెర్మినల్‌కు పెట్టిన పసుపు

మొన్న ఏలూరు దగ్గర రోడ్డు పక్కన చేపపిల్లల వ్యాను ఆగి ఉంటే, తడి ప్లాస్టిక్ సంచుల పచ్చివాసన నన్ను తాడేపల్లిగూడెంలోని మా పాత ఇంటి వాకిట్లోకి లాక్కుపోయింది.

దసరా వచ్చిందంటే, అమ్మ గారెల పిండి రుబ్బుతుంటే, బంతిపూల కోసం తమ్ముడూ చెల్లెలూ పెరట్లో కొట్టుకుంటుంటే, మా అంబాసిడర్‌ను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి దండ వేసే పని నాది. నాకు పదకొండేళ్లప్పుడు చక్రాలతో, స్టీరింగుతో భక్తి తీరక, బ్యాటరీ టెర్మినల్ కూడా ఊడదీసి, లోపలంతా పసుపు ముద్ద మెత్తి మళ్లీ బిగించాను.

మర్నాడు పొద్దున్నే, కొల్లేరు పక్కన నాన్న మొదటిసారి తవ్వించిన చెరువులో వదలడానికి చేపపిల్లల సంచులు డిక్కీ నిండా సర్దాక, తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఎండెక్కేలోపు చేరకపోతే పిల్లలు బతకవు. వారం కిందటే స్టార్టర్ మోటారు బాగుచేసిన మెకానిక్ మస్తాన్ గారిని పిలిపించి, నాన్న వీధంతా వినేలా దొంగపని చేశావన్నారు. నాకు అప్పటికే అనుమానం వచ్చింది. అయినా అరుగు మీద స్తంభం వెనక నక్కి ఊరుకున్నాను.

మస్తాన్ గారు బానెట్ ఎత్తి, హెడ్‌లైట్లు వేయించి తాళం తిప్పించారు. టక్కుమనగానే లైట్లు ఆరిపోయాయి. టెర్మినల్ మీద వేలు పెట్టి, చురుక్కుమంటే తీసేశారు.

"మోటారు దాకా కరెంటే రావట్లేదండి."

విప్పితే ఎండిన పసుపు పెచ్చు.

"పూజ గట్టిగానే చేశారండి," అన్నారు. నాన్న కోపంగా అమ్మ వైపు చూశారు. అప్పటిగ్గాని నా నోరు పెగల్లేదు.

"అమ్మ కాదు నాన్నగారూ, నేనే. ఇందాకే తెలుసు, భయమేసి చెప్పలేదు."

నాన్న చెయ్యి లేచింది. మస్తాన్ గారు అడ్డొచ్చారు.

"పిల్లోణ్ణి సాయంత్రం కొడుదురుగానండి. ముందు చేపల సంగతి చూడండి."

బ్లేడుతో గీకి బిగించేసరికి, ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది. వీధిలోవాళ్లంతా కేకలేశారు. మస్తాన్ గారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, మాట తూలానని నాన్న ఒప్పుకున్నారు. చెరువులో సంచులు విప్పగానే పిల్లలు వెండి రజనులా చెదిరి నీళ్లలోకి దూసుకుపోయాయి.

ఇప్పుడు ఆ చెరువు గట్లు లేవు, కొల్లేట్లో కలిసిపోయింది. నాన్న లేరు. మస్తాన్ గారి షెడ్డు ఉన్నచోట బట్టల దుకాణం వచ్చింది. చాలా ఏళ్లకు తణుకులో కూతురి దగ్గరున్న మస్తాన్ గారిని వెతుక్కుంటూ వెళ్లి, ఆయన మాటలు పడుతుంటే దాక్కున్న ఆ అరగంటకు క్షమించమన్నాను. ఏ అరగంటో ఆయనకు గుర్తు రాలేదు.

"ఒక్క చేప కూడా చావలేదు కదండీ," అన్నారు గర్వంగా.