పుర్రచేతి బొంత

కత్తెరమ్మకు ఆ పేరు వచ్చింది వృత్తి వల్ల కాదు, నోటి వల్ల. పరదాల కొట్టులో కుట్టుపని చేసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, యజమాని మాటను మధ్యలోనే కత్తిరించేది ఈవిడ ఒక్కతే. అలాంటి మనిషి గోడకు తగిలించే బొంత కుడతానని కూర్చుంటే వీధివాళ్లు ఊరుకుంటారా?

"ఏం కత్తెరమ్మా, గోడకి చలేస్తోందా?" అంది ఎదురింటావిడ.

"లేదు వదినా, నీ నోటికి కప్పుదామని" అంది కత్తెరమ్మ.

నిజానికి ఆ బొంత వాళ్లమ్మ కోసం. అమ్మది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బడిలో ఆ చేతి మీద స్కేలు విరిగింది. పెళ్లయ్యాక అత్తగారు ఆ చెయ్యి చూసి మూతి ముడుచుకునేది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో మేస్త్రీ ఏకంగా గుడ్డపీలికతో ఆ మణికట్టును కుర్చీకి కట్టేశాడు. అందరూ నవ్వారు. ఉద్యోగం కావాలి గనక అమ్మ కూడా నవ్వింది. అప్పటినుంచి నలుగురిలో కుడిచేత్తో, ఇంట్లో తలుపు గడియపెట్టుకుని ఎడమచేత్తో కుట్టింది. ఇంట్లో దుప్పట్ల అంచులన్నీ ఎడమచేతి పనే. ఒక్క కుట్టు వంకర పోలేదు. ఇప్పటికీ గుమ్మంలో ఎవరి అలికిడైనా వినిపిస్తే సూది చెయ్యి మారిపోతుంది. అది చూస్తే కత్తెరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఇంకా ఎవరికి భయపడుతున్నావే అమ్మా?"

"భయమేంటే, అలవాటు."

ఆ అలవాటు సంగతేదో తేల్చేయాలనుకుంది కత్తెరమ్మ. కుట్టుపనివాళ్ల సంఘం పెట్టే ప్రదర్శనలో అమ్మ ఎడమచెయ్యి ఊరంతా చూసి తీరాలి. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు, గుడ్డ కత్తిరిస్తున్నప్పుడు, గుండీ కుడుతున్నప్పుడు పక్కన కూర్చుని బొమ్మలు గీసింది. వాటిని రబ్బరు పలకల మీదకు ఎక్కించి, సన్న ఉలితో చెక్కి అచ్చులు చేసింది. అమ్మ అంచులు కుట్టిన పాత దుప్పట్లనే ముక్కలు చేసి, నల్లసిరా పూసిన అచ్చులు వాటి మీద బోర్లించింది. అచ్చు గట్టిగా పడాలంటే బరువు కావాలి గదా, మొగుణ్ని పిలిచి వాటి మీద నిలబడమంది.

"ఇన్నాళ్లకు నా బొజ్జ ఒక పనికొచ్చింది" అన్నాడాయన మురిసిపోతూ.

ముక్కలన్నీ జతచేసి కుట్టాక పైపొర తయారైంది. ఇక కింద దూది, అడుగున గుడ్డ పరిచి బొంత కుట్టడమే మిగిలింది. ఆ పైపొరను మంచం మీద పరిచి అమ్మను పిలిచింది. అమ్మ వంగి, ఒక్కో బొమ్మనీ వేలితో తడుముతూ చూసింది. తర్వాత మెల్లగా అంది: "నువ్వు కూడా చెయ్యి మార్చేశావుటే?"

కత్తెరమ్మ ఒక్కో బొమ్మా మళ్లీ చూసింది. ఒక్క బొమ్మలోనూ సూది ఎడమచేతిలో లేదు. చూసి గీసింది గీసినట్టే చెక్కింది గానీ, అచ్చు బోర్లిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయన్న ఇంగితం తట్టలేదు. బతుకంతా గుడ్డను తిరగేసి కుట్టిన మనిషికి! స్కేలు చేయలేనిది, మేస్త్రీ పీలిక చేయలేనిది, కన్నకూతురు చేసి చూపించింది. ఆ పూట ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. మొగుడు భయపడ్డాడు.

మళ్లీ చెక్కుదామంటే అమ్మ కుట్టిన దుప్పట్లు ఇంకా ఎక్కడున్నాయి? ఉన్నవి విప్పుదామంటే ఒక కుట్టు లాగగానే చివికిన గుడ్డ పర్రున చిరిగింది. కోపంతో పైపొరను దూరంగా విసిరేసింది. అది తిరగబడి పడింది. ఆయనగారి బరువుకు సిరా పల్చటి గుడ్డలోంచి ఇవతలికి ఊరింది. కాస్త వెలిసినట్టున్నా, అక్కడ అమ్మ ఉంది. సూది ఎడమచేతిలోనే ఉంది.

కత్తెరమ్మ ఆ వైపే పైకి పెట్టి బొంత కుట్టేసింది. జతకుట్ల అంచులు, వేలాడే దారాలు అన్నీ పైకే ఉన్నాయి. ఉంటే ఉండనీ అనుకుంది.

ప్రదర్శన రోజు హాల్లో బొంత తగిలించారో లేదో, సంఘం కార్యదర్శి గడకర్ర మింగినట్టు వచ్చి పక్క కిటికీకి అడ్డంగా నిలబడింది.

"ఇదేంటండీ, లోపలి కుట్లన్నీ బయటికొచ్చాయి? ఆ కింది మూల అంచు కూడా సగమే కుట్టారు. పైపొర సరిగ్గా తిప్పి తెచ్చుంటే బహుమతి మీదే."

"అటు తిప్పితే మా అమ్మ సూది కుడిచేతిలోకి పోతుంది."

"ఏ చేత్తో కుడుతోందో ఎవరు చూడొచ్చారు?"

"చూడాలనే తగిలించాను. మా అమ్మ చెయ్యి కంటే మీ బహుమతి నాకు ఎక్కువ కాదు."

"అయితే పోటీలోంచి తీసేయాల్సి వస్తుంది."

"తీసేయండి. గోడ మీంచి తీయాలంటే మాత్రం ముందు నన్ను మొయ్యాలి."

హాల్లో జనం గుమిగూడారు. మొగుడు మెల్లగా వచ్చి కత్తెరమ్మ పక్కన నిలబడ్డాడు. ఆయన్ని మొయ్యడం ఇంకా కష్టం. కార్యదర్శి మొహం ఎర్రబడింది గానీ బొంత మీద చెయ్యి వెయ్యలేదు.

అప్పుడు వెనకనుంచి అమ్మ ముందుకొచ్చింది. కుర్చీ లాక్కుని, సగం కుట్టిన ఆ మూలను ఒళ్లోకి తీసుకుని, సంచిలోంచి సూది తీసింది. ఇంతమంది చూస్తుంటే సూది అలవాటుగా కుడిచేతిలోకి వెళ్లింది. కత్తెరమ్మ కళ్లు మూసుకుంది.

అమ్మ గొంతు వినిపించి తెరిచింది. సూది ఎడమచేతిలో ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పక్కకు జరగమని అడగని మనిషి, తలెత్తి కార్యదర్శితో అంటోంది:

"ఆ కిటికీ దగ్గర నుంచి కాస్త తప్పుకోండమ్మా. నాకు వెలుతురు ఈ పక్కనుంచే రావాలి."