స్లీపర్ల మీద నిలబెట్టిన లేత్

2004లో నేను ఫిజీలోని లౌటోకాలో మోటార్లూ, వాటి వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లూ బాగుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. రైస్ మిల్లులో, కోళ్ల ఫారంలో, రంపపు మిల్లులో ఎక్కడ మోటారు మొరాయించినా నన్నే పంపేవారు. అప్పటికే ఆ పనిలో జుట్టు నెరిసింది, ఓర్పు తరిగింది. కొత్త యంత్రం ఊగిపోతోందని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ముందుగా అమ్మినవాడి మీద ఒళ్లు మండేది. చాలాసార్లు వాడు డ్రైవ్‌ని పెట్టెలోంచి తీసి గోడకు తగిలించి, ఒక్క సెట్టింగూ ముట్టుకోకుండా చెయ్యి ఊపి వెళ్లిపోయి ఉండేవాడు.

తవువా అనే ఊరి నుంచి అలాంటి ఫోనే వచ్చింది. చేసింది అప్పన్న కాకా. మా దగ్గర తండ్రి వయసువాళ్లందరూ కాకాలే. ఈయనకు ఊరి చివర చెరకు పొలాల మధ్య రేకుల షెడ్డులో వర్క్‌షాపు ఉంది. ట్రాక్టర్ల ఇరుసులు, నాగళ్లు, చెరకు లారీల బుష్‌లు చేసి బతికిన మనిషి. పాత లేత్ పూర్తిగా అరిగిపోతే కొత్తది తెప్పించుకున్నాడు. లేత్ అంటే ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, పక్కనుంచి పదునైన టూల్‌తో నున్నగా చెక్కే యంత్రం.

"బేటా, ఈ మసీన్ నా మీద కోపంగా ఉంది," అన్నాడు ఫోన్లో. "స్టార్ట్ చేస్తే బహుత్ హిలే హై, ఒకటే ఊపు. ఆపితే చుప్. నువ్వు వచ్చి చూడు."

వెళ్లేసరికి ఆయన షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే ఆయన భార్య సీతమ్మ కాకీ టీ గిన్నె పట్టుకుని ఉంది. నేను టూల్ బాక్స్ దించకముందే ఆమె అసలు సంగతి చెప్పేసింది. దగ్గర్లోని బంగారు గనికి పంపులు బాగుచేసే కాంట్రాక్టరు ఒకాయన నమూనాగా పంపు షాఫ్టులు, అంటే పంపును తిప్పే ఇరుసులు, చేసిమ్మన్నాడు. అవి నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తాడు.

"ఇది నడవకపోతే నౌసోరి పోతాం, బిడ్డ ఇంటికి," అంది కాకీ. "ఆయన అక్కడ ఏం చేస్తాడు? పొద్దుగాల లేచి ఎవరి మొహం చూస్తాడు? చేతిలో పని లేకపోతే ఈ మనిషి బతకడు."

కాకా లోపలికి నడిచాడు. స్విచ్చి వేశాడు.

లేత్ ఒక్క కుదుపుతో లేచింది. వేగం పెరిగేకొద్దీ ఏదో మూలుగు, తర్వాత సన్నటి ఈల. మధ్య వేగానికి వచ్చేసరికి యంత్రం మొత్తం జ్వరం వచ్చినవాడిలా వణకడం మొదలుపెట్టింది. చెక్కిన షాఫ్టు మీద వేలు పెట్టి చూస్తే చిన్న చిన్న అలలు తగిలాయి. మా భాషలో దీన్ని చాటర్ అంటారు. టూల్ లోహాన్ని సాఫీగా కోయకుండా ఎగిరెగిరి తగిలితే పడే గీతలవి. అలాంటి షాఫ్టు బేరింగులో కూర్చోదు.

ముందుగా డ్రైవ్ మూత తీశాను. అక్కడి కరెంటు సింగిల్ ఫేజ్, లేత్ మోటారుకేమో త్రీ ఫేజ్ కావాలి. ఆ పెట్టె ఒకదాన్ని రెండోదిగా మార్చి, మోటారు వేగాన్ని మనం కోరినంతకు తెస్తుంది. నేను అనుకున్నట్టే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. మన మోటారు యాభై హెర్ట్జ్‌ది, డ్రైవ్‌లో అరవై అని ఉంది. దాంతో మోటారుకు అందాల్సిన బలం అందక కోత కాస్త లోతైతే చాలు మూలుగుతోంది. సున్నా నుంచి పూర్తి వేగానికి రావడానికి ఇచ్చిన సమయం మరీ తక్కువ, అందుకే ఆ కుదుపు. అవన్నీ దిద్దాను. ఈల పోవడానికి క్యారియర్ ఫ్రీక్వెన్సీ అనే ఇంకో అంకెను పెంచాను. అమ్మినవాడిని నాలుగు తిట్లు తిట్టాను కూడా.

కుదుపు పోయింది, మూలుగు పోయింది, ఈల పోయింది. వణుకు మాత్రం పోలేదు.

అలాంటప్పుడు ఒక్కొక్క భాగాన్నీ విడదీసి చూడాలి. బెల్టు తీసి మోటారును ఒంటరిగా తిప్పాను, పిల్లిలా సడి లేకుండా తిరిగింది. బెల్టు పెట్టి, పని పట్టుకునే చక్‌ని విప్పి తిప్పాను. తగ్గింది కానీ మధ్య వేగంలో మళ్లీ అదే ఊపు. బేరింగుల్లో దోషం లేదు. తిరిగే భాగాల్లో బరువు తేడా లేదు. తల ప్రాణం తోకకొచ్చాక, లేత్ బెడ్ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి కిందికి వంగాను. లెవెల్ అంటే మట్టం చూసే పరికరం, లోపల నీటిబుడగ ఉంటుంది. కాకా నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బుడగ జరిగింది.

"కాకా, కొంచెం వెనక్కి వెళ్లండి."

ఆయన వెనక్కి వెళ్లాడు. బుడగ తిరిగి మధ్యకు వచ్చింది.

అప్పుడు చూశాను లేత్ కాళ్ల కింద ఏముందో. చెరకు రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు. వాటి కింద చదును చేసిన నల్లమట్టి. టన్ను బరువున్న యంత్రాన్ని తెచ్చి చెక్క మీదా మట్టి మీదా నిలబెట్టాడు.

"కాంక్రీటు ఎందుకు వెయ్యలేదు కాకా? ఇంత అనుభవం ఉండి..." అన్నాను. నా గొంతులో విసుగు ఆయనకు వినపడే ఉంటుంది.

ఆయన వంగి స్లీపర్ మీది మట్టి చేత్తో తుడిచాడు. తర్వాత లబాసాలో ఉండే అన్న గురించి చెప్పాడు. అన్న చెరకు బాగా పండినప్పుడు సిమెంటు ఇటుకలతో ఇల్లు కట్టాడు. ఇల్లున్న భూమి లీజుకు తీసుకున్నది. గడువు ముగిసింది, లీజు మళ్లీ ఇవ్వలేదు. చుట్టుపక్కల రేకుల ఇళ్లవాళ్లు తమ ఇళ్లను విప్పుకున్నారు. రేకులు, పలకలు, కిటికీలు, స్తంభాలు లారీకెత్తుకుని వెళ్లిపోయారు. అన్న ఇల్లు మాత్రం కదల్లేదు. తాళం కప్ప ఒక్కటి చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు.

"ఆ రోజు అనుకున్నా బేటా. ట్రక్కు ఎక్కనిది నేను ఏదీ పెట్టను. ఈ జమీన్ నాది కాదు. రెండు సాల్‌లో లీజు ఖతమ్. ఇస్తారో నై ఇస్తారో, కోయి నై జానే, ఎవరికి తెలుసు."

మా నాన్న కూడా మా ఇంటి పైకప్పును తన చేతులతోనే విప్పాడు. కిందనుంచి రేకులు అందుకున్నది నేనే. ఫిజీలో పుట్టిన మా తెలుగువాళ్లలో ఆ రేకుల మోత వినని ఇల్లు తక్కువ.

అయినా ఇనుముకు ఈ కథలు తెలియవు. వేరే దారులు వెతికాను. బరువైన ఇనుప ఫ్రేము చేయించి దాని మీద కూర్చోబెడదామంటే, ఆ ఫ్రేము కూర్చునేదీ అదే మట్టి మీద. ఇక డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీ అని ఒక సెట్టింగు ఉంటుంది. యంత్రం ఫలానా వేగం దగ్గర ఊగుతుందని తెలిస్తే, అక్కడ ఆగకుండా దాటిపొమ్మని డ్రైవ్‌కి చెప్పొచ్చు. అది పెట్టాను. చిన్న బుష్‌లకు బాగానే పనిచేసింది. కానీ కాంట్రాక్టరు అడిగిన షాఫ్టు మందానికి సరిగ్గా ఆ దాటేసిన వేగమే కావాలి. తగ్గిస్తే నునుపు రాదు, పెంచితే షాఫ్టు కొస ఊగుతుంది. ఏ అంకె మార్చినా ఆ వణుకు ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిగిందే తప్ప పోలేదు.

"ఇంకో సెట్టింగు ఉంటుంది, చూడు బేటా. ఇంత పెద్ద బుక్ ఇచ్చారు కదా మసీన్‌తో," అన్నాడు కాకా.

"లేదు కాకా. దీనికి నేల కావాలి."

నాకు తోచింది ఒక్కటే. భూమి ఎవరిదో వాళ్లనే అడుగుదామన్నాను. భూమి అక్కడి ఫిజియన్ కుటుంబాల సమూహానిది. దాన్ని మతంగలి అంటారు. వాళ్ల పెద్ద జోసెఫా కాకాకు చిన్నప్పటి స్నేహితుడు, ఇద్దరూ ఒకే నదిలో ఈత నేర్చుకున్నారు. ఏదైనా అడగడానికి వెళ్తే వట్టి చేతులతో వెళ్లకూడదు కాబట్టి దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా మొక్క వేర్ల కట్ట తీసుకుని ఇద్దరం వెళ్లాం. కాకా చాప మీద కూర్చుని ఆ కట్టను ముందుకు జరిపి, తల వంచుకుని సంగతి చెప్పాడు. జోసెఫా చేతులు చరిచి కట్టను స్వీకరించాడు. యంగోనా కలిపి తాగాక మాతో హిందీలోనే మాట్లాడాడు.

"సిమెంటు పొయ్యి అప్పన్నా. ఎవరు వద్దన్నారు? ఎవరైనా అడిగితే నేను పొయ్యమన్నానని చెప్పు."

"మరి లీజు?"

జోసెఫా గిన్నె వైపు చూశాడు. "అది ఒక్క నా మాట కాదు భాయ్. నా తమ్ముళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లకూ జాగా కావాలి. నీకు అబద్ధం చెప్పలేను. రేపు వాళ్లేమంటారో నాకు తెలీదు."

అంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పలేరు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపం వస్తే ఆ సాయంత్రం కాస్త తేలిగ్గా గడిచేది.

కాకా మర్నాడే సిమెంటు బస్తాలు తెప్పించాడు. ఇసుక, కంకర వచ్చాయి. లేత్ కాళ్లు పట్టే బోల్టుల కోసం నేను కొలతలు గీసి ఇచ్చి, కాంక్రీటు గట్టిపడ్డాక వచ్చి మట్టం సరిచేస్తానని చెప్పి లౌటోకా వచ్చేశాను. ఫోన్ కోసం చూశాను. రాలేదు. వానలు మొదలయ్యాయి. చివరికి అటువైపు ఇంకో పని పడితే నేనే వెళ్లాను.

గొయ్యి తవ్వి ఉంది. అందులో నీళ్లు నిలిచాయి. లేత్ దాని పక్కనే స్లీపర్ల మీదే ఉంది. సిమెంటు బస్తాలు షెడ్డు మూల వరసగా ఉన్నాయి. ఒకదాన్ని కాలితో నొక్కాను. లోపల రాయి అయిపోయింది. వాన తేమకు అన్నీ బస్తాల్లోనే గడ్డకట్టాయి.

"పొయ్యాలని రోజూ అనుకున్నా," అన్నాడు కాకా. "గొయ్యి నేనే తవ్వినా. బస్తా విప్పుదామని చాకు తీస్తా. అన్న కనపడతాడు తాళం పట్టుకుని. కా కరీ బేటా, ఏం చెయ్యను, చెయ్యి పోదు."

"షాఫ్టులు?"

"ఇచ్చేసినా. కాంట్రాక్టరు గోరు పెట్టి చూసి పక్కన పెట్టేశాడు. ఏమీ అనలేదు, మంచివాడు. టీ కూడా తాగినాడు."

కాకీ లోపలినుంచి రాలేదు. నాకు టీ పంపలేదు కూడా. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి. లేత్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. చెడిపోయిన యంత్రాన్ని చూస్తే నాకు ఎప్పుడూ పని గుర్తొస్తుంది. ఈ యంత్రంలో ఏ లోపమూ లేదు. నా చేతిలో ఉన్న విద్యంతా పెట్టినా దానికి అడుగున్నర కాంక్రీటు ఇవ్వలేకపోయాను. ఏడుపొచ్చింది. తల తిప్పుకుని టూల్ బాక్స్ సర్దుకుంటున్నట్టు నటించాను.

లీజు గడువు దాకా కూడా వాళ్లు ఆగలేదు. పని లేని షెడ్డులో కూర్చోలేక ముందే నౌసోరి వెళ్లిపోయారు. సామాను ఎత్తడానికి జోసెఫా తన మనుషులను తీసుకుని వచ్చాడని, లేత్ ఒక్క గీత పడకుండా లారీ ఎక్కిందని విన్నాను. కూతురి ఇంటి వెనక జాగా లేక దాన్ని సూవాలో ఎవరికో అమ్మేశారు. కాకా ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

కొన్నేళ్లకు తవువాలో జోసెఫా బస్‌స్టాండు దగ్గర కనిపించాడు. కాకా ఉన్న ఆ భూమి ముక్క ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడిగాను.

"ఎవరూ లేరు. పిల్లలంతా పనుల కోసం సూవా పోయారు. గడ్డి ఉంది," అన్నాడు. కాసేపటికి, "నేను పొయ్యమన్నాను కదా," అన్నాడు. నన్ను కాదు, ఎవరిని అడుగుతున్నాడో నాకు తెలీదు. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లు ఊగే యంత్రాన్ని ఎక్కడినుంచి చూడడం మొదలుపెట్టాలని నన్ను అడుగుతుంటారు. మోటారు ప్లేటు చదవండి, డ్రైవ్ అంకెలు సరిచూడండి, బెల్టు తీసి తిప్పండి అని అందరూ చెప్పేదే చెబుతాను. నేను మాత్రం తవువా తర్వాత మూత విప్పే ముందు యజమానిని ఈ నేల ఎవరిదని అడుగుతున్నాను. తనదే అన్నవాడికి కాంక్రీటు గురించి వివరంగా చెబుతాను. కొందరు జవాబివ్వకుండా బయట పొలం వైపు చూస్తారు. వాళ్ల డ్రైవ్‌లో నేను దిద్దగలిగిన అంకెలు దిద్ది, కాంక్రీటు మాట ఎత్తకుండా వచ్చేస్తాను.