అత్తయ్య పంపని మెసేజ్

మా ఇంట్లో దయ్యాల మాట నడవదు. అత్తయ్య ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఆవిడకు బైబిలు అడ్డం, నాకు ఫిజిక్సు అడ్డం. మిగతా ఏ విషయంలోనూ మా ఇద్దరికీ పొత్తు కుదరదు గానీ ఇందులో మాత్రం ఒకటే మాట. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

నా పేరు ఎస్తేరు. మెట్టుగూడలో ఉంటాం. హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మా ఆయనది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అత్తయ్య మాతోనే ఉంటుంది. గుంటూరు మనిషి. సికింద్రాబాద్ వచ్చి సగం జీవితం గడిచినా, ఇక్కడి చింతపండు పులుపు కాదనే అంటుంది.

నాకు కాలేజీ రోజుల నుంచి హ్యామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుని, సొంత రేడియో పెట్టుకుని, గాలిలో తోటివాళ్ళతో మాట్లాడుకోవడం. లైసెన్స్ ఉన్న ప్రతి మనిషికీ అక్షరాలూ అంకెలూ కలిపి ఒక కాల్‌సైన్ ఇస్తారు. గాలిలో అదే మన పేరు.

ఈ పిచ్చి ఉన్న మరో మనిషి కాప్రాలో ఉండే నర్సింగన్న. ఏదో ఆఫీసులో సూపరింటెండెంట్. రూల్ అంటే ప్రాణం. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగి, వెనక హారన్ కొట్టేవాడికి చట్టం చెప్పే రకం.

ఒక వానాకాలం ఫోన్లు చచ్చిపోయి ఊరంతా పరేషాన్ అయ్యాక, ఆయనే ఈ ఆలోచన తెచ్చాడు. "చెల్లే, మనం ప్యాకెట్ రేడియో షురూ చేద్దాం. ఫోన్ లేకున్నా, నెట్ లేకున్నా మెయిల్ పోవాలె."

ప్యాకెట్ రేడియో అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. మనం టైప్ చేసిన మాటలను ఒక చిన్న డబ్బా కూతలుగా మార్చి రేడియోలోకి పంపుతుంది. అవతలి డబ్బా ఆ కూతలను మళ్ళీ అక్షరాలుగా మారుస్తుంది. మధ్యలో ఏదైనా ముక్క చెడిపోతే మళ్ళీ పంపమని అడిగి తెప్పించుకుంటుంది. వచ్చిన ఉత్తరాలు కంప్యూటర్‌లో ఎవరి పేరు మీద వాళ్ళకు భద్రంగా ఉంటాయి. మా మేడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ పోస్టాఫీసు మా ఇంట్లోనే పెట్టాం. పాత ల్యాప్‌టాప్, రేడియో, కారు బ్యాటరీ, మేడ మీద గొట్టానికి కట్టిన యాంటెన్నా. మా ఆయన దీన్నంతా కలిపి "నీ డబ్బా" అనేవాడు. దాని జోలికి ఏనాడూ వెళ్ళలేదు.

అత్తయ్యకు మాత్రం అది మొదటి రోజు నుంచీ గిట్టలేదు. సరిగ్గా ఆవిడ వడియాలు పెట్టుకునే చోటే మేం గొట్టం పాతాం.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత వారానికోసారి, అదీ పొద్దున పూట, సిగ్నల్ పడిపోవడం మొదలైంది. నేను కేబుల్ మార్చాను. నర్సింగన్న సాఫ్ట్‌వేర్ మార్చాడు. చివరికి ఆయనే మీటర్ పట్టుకుని వచ్చి మేడెక్కాడు. వెంటనే కిందికి దిగి, చాలా మర్యాదగా, "చెల్లే, జెర పైకి రా" అన్నాడు.

యాంటెన్నాకు బట్టల తీగ కట్టి ఉంది. దాని మీద అత్తయ్య తడి చీరలు రెండు, లంగాలు, మా ఆయన బనీన్లు. గొట్టం ఆ బరువుకి సికింద్రాబాద్ స్టేషన్‌కు నమస్కారం పెడుతోంది.

"అమ్మా, గిది రేడియో స్తంభం," అన్నాడు నర్సింగన్న.

"స్తంభం ఊరికే ఉంది కదా నాయనా," అంది అత్తయ్య. "నేను కట్టకముందు ఏం చేసింది అది?"

నిజం చెప్పాలంటే అది పెద్దగా ఏమీ చేయడంలేదు. మా మెయిల్ వ్యవస్థలో అప్పటిదాకా నడిచిన ఉత్తరాలన్నీ ఒక్కలాంటివే. "వచ్చిందా?" అని నేను. "వచ్చింది" అని ఆయన. ఆ "వచ్చింది" నాకు చేరిందో లేదో తెలుసుకోవడానికి మళ్ళీ ఫోన్.

ఇక అసలు సంగతి.

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు పొద్దున అత్తయ్య స్త్రీల ప్రార్థన కూటానికి బోయిగూడ వెళ్ళింది. ఆ కూటం వారానికొకరి ఇంట్లో జరుగుతుంది. ఈసారి ఎవరింట్లోనో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడకు ఫోన్ ఉంది. ఛార్జింగ్ అయిపోతుందని ఎప్పుడూ ఆపేసి సంచిలో పెట్టుకుంటుంది.

ఆవిడ ఆటో ఎక్కిన కాసేపటికి వాన అందుకుంది. అట్లాంటిట్లాంటి వాన కాదు. మా స్కూలు మధ్యలోనే వదిలేశారు. మా ఆయన కూడా ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఇంటికొచ్చాడు. కరెంటు పోయింది. తర్వాత ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. భోజనాల వేళ దాటినా అత్తయ్య రాలేదు.

ఆవిడకు షుగర్. వేళకు తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఒకసారి బజార్లో అలాగే పడింది కూడా. ఇద్దరి మనసులోనూ అదే ఉంది.

నేను బ్యాటరీ తగిలించి రేడియో పెట్టాను. నర్సింగన్న గాలిలో దొరికితే ఎవరికైనా కబురు చేయిస్తాడని ఆశ. పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. కాప్రా వైపు నుంచి చప్పుడే లేదు.

మా ఆయన రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. స్కూటర్ తాళం కోసం వెతుకుతున్నాడు.

"ఎక్కడికని వెళ్తావు? ఏ ఇల్లో తెలీదు," అన్నాను.

"బోయిగూడలో మనవాళ్ళ ఇళ్ళన్నీ అడుగుతా."

"రైలు వంతెన కింద నీళ్ళు నిలిచుంటాయి."

"మరి ఊరికే కూర్చోమంటావా?" అన్నాడు. తాళం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉందని నాకు తెలుసు. ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు ల్యాప్‌టాప్ టింగుమంది.

మెయిల్ వచ్చింది. పంపినవారి చోట నర్సింగన్న కాల్‌సైన్. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్దక్షరాలు.

"సుగుణ ఇంట్లో ఉన్నా. అన్నం తిన్నా. నీళ్ళు తగ్గాక వస్తా. బాబుని పంపొద్దు. మినప్పప్పు నానబోశా. సింకు కింద తెల్ల గిన్నె. నీళ్ళు వంపు. రుబ్బొద్దు. నువ్వు నీళ్ళు ఎక్కువ పోస్తావు."

నేను పైకి చదివాను. బాబంటే మా ఆయనే. మా ఆయన వచ్చి నా భుజం మీదుగా తనూ చదివాడు. తర్వాత ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం. సింకు కింద, చెత్తబుట్ట వెనకాల, మూత పెట్టిన తెల్ల గిన్నె. అందులో మినప్పప్పు ఉబ్బి ఉంది. అది అక్కడ ఉన్నట్టు మా ఇద్దరికీ తెలీదు.

మా ఆయన రెయిన్‌కోటు విప్పేసి కుర్చీలో కూలబడ్డాడు. నేను నీళ్ళు వంపాను. రుబ్బలేదు.

అప్పుడు మాకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు. కూటంలోని సుగుణమ్మగారి ఇంట్లో ఎవరి ఫోనో పనిచేసి ఉంటుంది, అత్తయ్య ఎలాగో నర్సింగన్నను పట్టుకుని ఉంటుంది, ఆయన మాకు పంపాడు అనుకున్నాం. ఇన్నాళ్ళకు మా డబ్బా ఒక మనిషికి పనికొచ్చిందని నాకు గర్వంగా కూడా ఉంది. "థాంక్స్ అన్నా" అని జవాబు రాశాను. అది కాప్రాకు పోకుండా మా కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. వానకు సిగ్నల్ అందడంలేదేమో అనుకున్నాను.

సాయంత్రానికి అత్తయ్య ఎవరిదో ఆటోలో క్షేమంగా వచ్చింది. రైలు వంతెన కింద ఒక కారు పైకప్పు దాకా మునిగి ఉండటం తను కళ్ళారా చూశానని, అందుకే చుట్టూ తిరిగి వచ్చామని చెప్పింది. మా ఆయన వెళ్ళాలనుకున్నది ఆ దారినే.

"నర్సింగన్న నంబరు మీ దగ్గర ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగాను.

"ఏ నర్సింగు? ఆ స్తంభం అబ్బాయా? అతని నంబరు నాకెందుకు?" అంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నె చూసింది. "నీళ్ళు ఎవరు వంపారు?"

నేను మెయిల్ చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా విని, "అవును, అలాగే అనుకున్నాను," అంది. ఎవరికి చెప్పారంటే ఎవరికీ చెప్పలేదంది. ఫోన్ సంచిలోంచి తియ్యనే లేదట.

మర్నాడు ఫోన్లు వచ్చాయి. నర్సింగన్నకు చేసి థాంక్స్ చెప్పాను.

"దేనికి చెల్లే?" అన్నాడు. "నా సెట్టు మొన్ననే కాలిపోయింది. పొట్ట కోసి బల్ల మీద పెట్టిన. నిన్నంత ఆఫీసులనే ఇరుక్కున్న."

జరిగింది చెప్పాను. ఆయన ఆ మెయిల్ నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. కాదు. కోపం. "నా కాల్‌సైన్ ఎవరో వాడిండ్రు," అన్నాడు. ఆయన దృష్టిలో దయ్యం పెద్ద నేరం కాదు. లైసెన్స్ లేకుండా పంపడం నేరం.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి అత్తయ్యను పోలీసులు అడిగినట్టు అడిగాడు.

"అమ్మా, మీరు ఏ బ్యాండ్ మీద పంపిండ్రు?"

"బ్యాండూ లేదు, మేళమూ లేదు నాయనా. మేం చప్పట్లు కొట్టి పాడుకుంటాం, అంతే."

"అక్కడ రేడియో గిట్ల ఏమన్నుండెనా?"

"కరెంటే లేదు. కొవ్వొత్తి పెట్టుకున్నాం."

అయినా ఆయనకు తృప్తి లేదు. ఆయనా నేనూ బోయిగూడ వెళ్ళాం. సుగుణమ్మగారు టీ ఇచ్చి ఇల్లంతా చూపించారు. రేడియో లేదు, యాంటెన్నా లేదు, పక్కిళ్ళ మీద కూడా లేదు. కానీ ఆవిడ ఒక మాట చెప్పారు. ఆ రోజు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, మా అత్తయ్య పైకే, "ఆ పిల్ల పప్పు రుబ్బేస్తుందేమో ప్రభువా," అందట. ఇద్దరు ముగ్గురు నవ్వారట కూడా.

ఊళ్ళో ప్యాకెట్ రేడియో నడిపేది మాకు తెలిసినంతలో మేమిద్దరమే. మిగతా హ్యామ్‌లను అడిగితే, ఈ కాలంలో ఇంకా అది ఎవరు వాడతారని నవ్వారు. మా ఆయన ఏదైనా చేశాడా అంటే, అది వచ్చినప్పుడు ఆయన సోఫా కింద తాళం వెతుకుతున్నాడు. పాత ఉత్తరం ఏదైనా ఇరుక్కుని బయటపడిందా అంటే, నర్సింగన్న జన్మలో మినప్పప్పు గురించి రాయలేదు.

ఆయన చివరికి ఒక దారి కనిపెట్టాడు. అత్తయ్య లైసెన్స్ పరీక్ష రాయాలన్నాడు. "మల్ల గిట్లనే అయితే కాయిదాలు సరిగ్గ ఉండాలె కదా అమ్మా," అని పుస్తకం కూడా తెచ్చిచ్చాడు. పాపం, ఆయన మనసు నొప్పించడం ఎందుకని అత్తయ్య తీసుకుంది.

నేను నా పద్ధతిలో ప్రయోగం చేశాను. తర్వాతి కూటానికి వెళ్ళేటప్పుడు, ఏదో ఒకటి మనసులో గట్టిగా అనుకోమని అత్తయ్యకు చెప్పి, అది ఏమిటో నాకు చెప్పొద్దని అడిగాను. పొద్దంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆవిడ తిరిగొచ్చాక, అనుకున్నారా అని అడిగితే, "అనుకుందామనే కూర్చున్నా. నీకు చెప్పాల్సిన అవసరం ఏమీ కనబడలేదు," అంది.

ఇది జరిగి చాలాకాలమైంది. అలాంటిది మళ్ళీ జరగలేదు. ఆ మెయిల్ నేను తుడిచెయ్యలేదు, ఎవరికీ చూపించి వాదించనూ లేదు. క్లాసులో పిల్లలకు తరంగాల పాఠం మామూలుగానే చెప్తాను.

మొన్నొకసారి ధైర్యం చేసి అత్తయ్యనే అడిగాను, అది ఎలా వచ్చి ఉంటుందంటారని. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేను చెప్పాను, నువ్వు విన్నావు. ఇందులో వింతేముంది?"

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ మాట నేను విన్నానని ఆవిడ ఒప్పుకోవడం ఆ ఒక్కసారే. ఎలా విన్నానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.