బాలమణి అత్త ఒక్కసారే అడిగేది

మొన్న చేవెళ్లలో కిరాణా దుకాణం ముందు నిలబడి ఉన్నాను. దుకాణం ఆయన ఎవరికోసమో జాజికాయ పగలగొట్టాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయాను. మన ఇళ్లలో జాజికాయ అంటే మసాలా గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఉడికించి మెదిపి, పాలూ వెన్నా కలిపిన ఆలుగడ్డ గుర్తుకొస్తుంది. దాని మీద జాజికాయ తురిమి చల్లుతారు. డచ్ వాళ్ల వంట అది. నాకు దాన్ని పెట్టింది మాత్రం డచ్ మనిషి కాదు, అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో వంట చేసే బాలమణి అత్త. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె ఎవరో మీకు తెలియదు. తెలియాలని నాకు కోరికగా ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది మొయినాబాద్ దగ్గర పల్లె. మా బాపు చేవెళ్ల దిక్కు ఒక పాలీహౌస్‌లో జెర్బెరా పూల తోటకు సూపర్‌వైజర్‌గా చేసేవాడు. మొక్కలు డచ్ దేశం నుంచి అట్టపెట్టెల్లో వచ్చేవి. ఖాళీ అయిన పెట్టెలు మా ఇంటికి చేరేవి, వాటిలో మా అమ్మ ఉల్లిగడ్డలు పోసేది. వాటి మీది అక్షరాలను కూడబలుక్కుంటూ పెరిగాను కాబట్టి, విశ్వవిద్యాలయంలో ఏదో ఒక విదేశీ భాష తీసుకోవాలి అన్నప్పుడు డచ్ అని రాశాను. అందరూ ఫ్రెంచికీ జర్మనుకూ ఎగబడ్డారు. మా తరగతిలో తొమ్మిది మందిమి. అందులో ముగ్గురు వేరే దాంట్లో సీటు దొరక్క వచ్చినవాళ్లు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. పేరు చెప్పడం, దారి అడగడం, కూరగాయలు కొనడం. రెండో ఏడాదికి వచ్చేసరికి అసలు బాధ మొదలైంది. ఆ మెట్టు మీద నిలబడినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. పుస్తకంలో వాక్యం కనిపిస్తే విడదీసి చెప్పగలను. అదే వాక్యాన్ని ఒక మనిషి మామూలు వేగంతో అంటే, నేను మొదటి మాట దగ్గరే ఆగిపోతాను, ఆయన నాలుగో వాక్యంలో ఉంటాడు. పరీక్షల్లో మార్కులు వస్తున్నాయి, నోట్లోంచి మాట రావడం లేదు. ఇంట్లో కూర్చుని ఇదే గొణుగుతుంటే బాపు అన్నాడు.

"అజీజ్‌నగర్‌ల బాలమణి అని ఉన్నది. మా పూల సారు డచ్చాయన ఉండె చూడు, ఆయనింట్ల తొమ్మిదేండ్లు వంట చేసింది. వాళ్ల బాసల గడగడ మాట్లాడుతది. పోయి అడుగు."

నాకు నవ్వొచ్చింది. విశ్వవిద్యాలయంలో చదివే పిల్లను వంటామె దగ్గరికి పొమ్మంటున్నాడని లోపల కొంచెం నామోషీ కూడా పడ్డాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, దాచి ఏం లాభం. అయినా ఒక శనివారం పోయాను. అప్పటికి డచ్ కుటుంబం వెళ్లిపోయి చాన్నాళ్లయింది. ఆమె అదే వరసలో మరో ఫామ్‌హౌస్‌లో వంట చేస్తూ, వెనక రెండు గదుల్లో ఉంటోంది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, కొంగు బిగించి నడుముకు దోపుకుని బెండకాయలు తరుగుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. తలెత్తి, కత్తి ఆపకుండానే, డచ్‌లో ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోసారి నెమ్మదిగా అడిగింది. ఆకలిగా ఉందా అని.

ఆమె డచ్ తరగతి గదిలోది కాదు. పని చేసే ఇంట్లో లోటె అనే చంటిపిల్లను పెంచుతూ, ఆ పిల్లతో పాటే మాట్లాడటం నేర్చుకుంది. అందుకే ఆమె భాష నిండా తినిపించే మాటలు, ఊరడించే మాటలు, గదమాయించే మాటలు. చదవడం రాదు. ఏ మాట ముందు, ఏది వెనక అని అడిగితే, "గవన్ని నాకు తెల్వయ్ బిడ్డా, నోటికి అట్లనే వస్తది" అనేది. కానీ తప్పు మాట వింటే మొహం చిట్లించేది, పప్పులో రాయి తగిలినట్టు. డచ్‌లో గొంతు లోపలి నుంచి గీసుకుంటూ వచ్చే శబ్దం ఒకటుంది. మా తరగతిలో ఎవరికీ పలకలేదు. బాలమణి అత్త దాన్ని ఒక్క పూటలో నేర్పింది.

"మొయినాబాద్‌ల దర్జీ సాబ్ ఖబర్ అంటడు, ఖైరియత్ అంటడు. ఇన్నవా ఎప్పుడన్న? మనం కబర్ అంటం, ఆయన గొంతులకెల్లి అంటడు. గదే. గా సాబ్ లెక్క అను."

అన్నాను. వచ్చేసింది. మా అధ్యాపకుడు తర్వాతి వారం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మొయినాబాద్ దర్జీ దగ్గర అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఆనాటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం అజీజ్‌నగర్ పోవడం అలవాటైంది. నేను తొందరపడి మాటలు తొక్కేస్తుంటే ఆమె "రుస్తిఖ్ మార్" అనేది. మెల్లగా, ఏం కాదు అని. లోటె జ్వరంతో ఏడ్చినప్పుడు అన్న మాట అట అది.

ఆ ఏడాది చివర మౌఖిక పరీక్ష. అందులో నెగ్గితే మూడో మెట్టు. మూడో మెట్టు పూర్తి చేసినవాళ్లను చేవెళ్ల దగ్గర ఒక పూల మొక్కల కంపెనీ దుబాసీలుగా తీసుకుంటుంది. సొంత ఊరి పక్కన, నేను చిన్నప్పటి నుంచి చూసిన పాలీహౌసుల మధ్య ఉద్యోగం. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. పరీక్షకు డచ్ ఉపాధ్యాయిని ఒకామె వచ్చింది. ఒక ఇంటి బొమ్మ ఇచ్చి వర్ణించమంది. రెండు వాక్యాలు బాగానే వచ్చాయి, మూడోది మధ్యలో తెగిపోయింది. ఆమె నవ్వుతూ, ఇంకోసారి మొదటి నుంచి చెప్తావా అని అడిగింది. నేను ఠక్కున, వద్దండీ, పరవాలేదు అన్నాను. ఎందుకన్నానంటే, పెద్దావిడ అడగ్గానే సరే అనేస్తే ఏం బాగుంటుంది. ఆమె పరవాలేదు చెప్పమ్మా అంటుంది, అప్పుడు చెప్దామనుకున్నాను. ఆమె తలూపి, కాగితం మీద మార్కు వేసి, తర్వాతి వాళ్లను పిలిచింది.

తప్పాను. మళ్లీ ఒక్క అవకాశం, మూడు నెలల తర్వాత. ఆ శనివారం అత్త వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆమె అంతా విని ముందు పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత స్టవ్ ఆపి, వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నేను గూడ గట్లనే చేసిన. వాళ్లు దేశం పోయెటప్పుడు ఆనెక్క నన్ను అడిగింది." లోటె తల్లి పేరు ఆనెకె. మేడమ్ అనొద్దు, పేరు పెట్టి పిలువు అందట. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక ఈమె ఆనెక్క అని వరస కలుపుకుంది. "గా రొట్టెలు కాల్చే పెద్ద ఓవెన్ ఉండె. దాంట్ల నేను కేకులు చేస్తే అందరు మెచ్చుకునేటోళ్లు. అది ఉంటే మొయినాబాద్ రోడ్డు మీద చిన్న దుకాణం పెట్టుకుందునని నా మనసుల ఉండె. ఆనెక్క అడిగింది, బాలమణీ, ఓవెన్ నీకు కావాల్నా అని. నేను, వద్దు వద్దు, నాకెందుకు అన్న. మల్లొకసారి అడుగుతదనుకున్న."

"అడగలేదా?"

"ఎందుకడుగుతది? వద్దన్న గద. తెల్లారి ట్రాలీ ఆటో వచ్చింది, ఎవరికో ఇచ్చిండ్రు. నేనే ఒక దిక్కు పట్టి ఎక్కించిన."

ఆమె గొంతులో ఆ దొరసాని మీద కోపం ఉందేమోనని వెతికాను. లేదు. "ఆమె తప్పేం లేదు బిడ్డా. నేనన్న మాటకు కదర్ ఇచ్చింది. వాళ్లు మాట ఇంటరు. మనోళ్లు మాట ఇడిశిపెట్టి మొకం చూస్తరు. ఎవరితోని మాట్లాడుతున్నవో ఎరుక పెట్టుకోవాలె, గంతే."

ఆ తర్వాత మూడు నెలలు ఆమె నాకు నేర్పిన తీరు ఏ పుస్తకంలోనూ లేదు. పళ్లెంలో మెదిపిన ఆలుగడ్డ పెట్టి, మీద జాజికాయ తురిమి, నా ముందుకు తెచ్చి డచ్‌లో ఒక్కసారి అడిగేది, కావాలా అని. కావాలంటే "యా, ఖ్రాఖ్" అనాలి. ఔను, ఇష్టంగా అని అర్థం. మొదటి రోజు నాకు అలవాటు కొద్దీ వద్దత్తా అనేశాను. పళ్లెం వెనక్కి పోయింది. తమాషా చేస్తోందనుకున్నాను. పళ్లెం ముందేసుకుని నా కళ్లముందే మొత్తం తినేసింది. ఆ రోజు బస్సులో కడుపు కాలుతూ ఇంటికి వచ్చాను. రెండో వారం కూడా నోరు జారాను, మళ్లీ పస్తు. మూడో వారం ఆమె అడుగు వంటింటి గడప దాటక ముందే "యా, ఖ్రాఖ్" అని అరిచాను. అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండో పరీక్షలోనూ నా వాక్యం తెగింది. ఈసారి బొమ్మలో అంగడి ఉంది. అదే ఉపాధ్యాయిని, అదే నవ్వు, అదే ప్రశ్న. ఇంకోసారి చెప్తావా? ఔను, ఇష్టంగా, అన్నాను. మొదటి నుంచి చెప్పాను, మధ్యలో ఆగి, మెల్లగా, పూర్తి చేశాను. నెగ్గాను. అత్తకు ఫోన్ చేసి చెబితే, "నాకెరుకే, ఆకలైతే ఎవరికైన వస్తది" అంది.

మూడో మెట్టూ దాటాను, కంపెనీలో ఉద్యోగం వచ్చింది. డచ్ నిపుణులు వస్తే వాళ్లను తోటలకు తీసుకుపోవడం, వాళ్ల మాట రైతులకు, రైతుల మాట వాళ్లకు చెప్పడం నా పని. నాకు బాగా అబ్బింది. ఎంత బాగా అంటే, నేను మనుషుల మాటను మాటగానే తీసుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో అమ్మ టీ వద్దంటే పెట్టడం మానేశాను. స్నేహితులు పెళ్లికి రాకపోయినా ఏం కాదులే అంటే వెళ్లలేదు. అలా ఉండటం నిజాయితీ అనుకున్నాను. కొంచెం గర్వం కూడా.

అత్తకు ఛాతీలో నొప్పి అని దవాఖానలో చేర్పించారని ఆమె కూతురు సునీత ఫోన్ చేసింది. మధ్యాహ్నం పోయాను. మంచం మీద కూర్చునే ఉంది, బాగానే మాట్లాడింది. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారట. గంట సేపు కూర్చున్నాను. ఈలోగా ఆఫీసు నుంచి మెసేజ్, సాయంత్రం ఇద్దరు నిపుణులు దిగుతున్నారని. ఫోన్ చూస్తూనే అడిగాను.

"నేనుండాల్నా అత్తా?"

"వద్దు బిడ్డా. నీకు డ్యూటీ ఉన్నది. పో."

సరే అని లేచాను. చెప్పులు వేసుకుని, సునీతతో రేపు వస్తానని చెప్పి బయటపడ్డాను. వద్దు, పో అన్నప్పుడు అత్త మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త పోయింది. పదకొండో రోజు నాడు సునీత నా పక్కన కూర్చుని, నన్ను నొప్పించాలని కాదు, తల్లి కడపటి ముచ్చట్లు చెప్పుకుంటూ అంది. "నువ్వు పోయినంక గూడ అమ్మ తలుపు దిక్కే చూసింది. నేను పండుకోమన్న. ఆగవే, అది మల్లొచ్చి అడుగుతది చూడు అన్నది."

ఇప్పటికీ ఆ వాక్యం గుర్తొస్తే చేస్తున్న పని ఆగిపోతుంది. ఎవరితో మాట్లాడుతున్నావో ఎరుక పెట్టుకొమ్మని చెప్పిన మనిషి దగ్గరే నేను ఎరుక తప్పాను. ఆమె నాకు డచ్ నేర్పింది, నేను తెలుగు మరిచిపోయాను. ఇంతకంటే మంచి మాటలతో ఆ తప్పును చెప్పడం నాకు చేతకాదు.

పోయిన వారం చేవెళ్ల అవతల ఒక పాలీహౌస్‌లో జెర్బెరా మొక్కలకు వేరు కుళ్లు వచ్చింది. డచ్ నిపుణుడు చూసి, నేను రెండు రోజులు ఇక్కడే ఉండి దగ్గరుండి చూసుకోనా అని ఆ రైతును అడిగాడు. ఆయన చేతులు కట్టుకుని, "వద్దు సార్, మీకెందుకు తక్లీఫ్" అన్నాడు. నిపుణుడు నా వైపు చూశాడు, ఏమన్నాడో చెప్పమని. చెప్పలేదు. ఒక్క నిమిషం అని డచ్‌లో అని, రైతు వైపు తిరిగి, ఆయన మొహం చూస్తూ మళ్లీ అడిగాను. "అన్నా, నిజం చెప్పు, ఉండమంటవా?" ఆయన తల దించుకుని, "ఉంటే మంచిగనే ఉంటది" అన్నాడు. అప్పుడు డచ్‌లో చెప్పాను, ఔను, ఇష్టంగా అంటున్నాడని.